సారా సొమ్ము – సర్కారు ధర్మము

పన్ను చెల్లింపకుండుటయే దేశభక్తిగా ఎన్నబడిన దినములు మన ఆంధ్రదేశమున ఉండెను. 1921లో చీరాల పేరాల ప్రజలు, తమ యిష్టము లేక తమ నెత్తిన రుద్దబడిన పురపాలక సంఘమునకు పన్ను కట్టుట కంటె ఇల్లువాకిళ్లు విడుచుటయే మేలని నిశ్చయించుకొని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరు వెడలి, రామనగరమను పాకల పట్టణమును కట్టుకొని నెలల తరబడి ఎండకును వానకును ఓర్చిరి. ఆ కాలముననే గుంటూరు మండలమున పెదనందిపాడు ఫిర్కా రైతులు, పర్వతనేని వీరయ్యచౌదరిగారు ముందు నడువ, భూమిశిస్తు నిలిపివేసి జప్తులకు జంకక నిలిచిరి. ఆ యేటనే మన పెన్న యొడ్డున పల్లెపాడున గాంధీమహాత్ముడు సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. ఈ కథలు మన పిల్లలకు చెప్పదగినవే. అయితే వానినుండి తప్పు పాఠము నేర్చుకొనుట మాత్రము తగదు.

నాటి నిరాకరణమునకు ధర్మబలము నిచ్చినవి రెండు సంగతులు. పన్ను విధించువానిని ప్రజలు ఎన్నుకొనలేదు. వసూలైన ధనము దేనికి వ్యయమగునో అడుగు అధికారము వారికి లేదు. 1773లో అమెరికా వలసలవారు బోస్టను రేవున తేయాకు పెట్టెలను సముద్రమున పారవైచినదియు ఈ న్యాయమును బట్టియే. తమ ప్రతినిధులు లేని పార్లమెంటు తమపై పన్ను వేయరాదని వారి వాదము. స్వతంత్ర భారతమున ఆ రెండు లోపములును, చట్టమునందైనను, తొలగినవి. శాసనాధారము లేక ఏ పన్నును విధింపరాదని, వసూలు చేయరాదని రాజ్యాంగము 265వ అధికరణమున నిర్ణయించినది. కావున నేడు పన్ను ఎగవేతను నేర్పరితనముగా చెప్పుకొను పట్టణవాసి చీరాల వీరులకు వారసుడు కాడు. వారు పన్ను మానుటకై ఇల్లు విడిచిరి. ఇతడు ఆ యింటనే యుండి, దాని ముందరి బాటను, దీపమును, మురుగుకాల్వను అనుభవించుచునే పన్ను మానుచున్నాడు.

అయినను చెల్లించుటతో పౌరధర్మము సగమే నెరవేరును. తక్కిన సగము అడుగుట. మా సొమ్ము దేనికి వ్యయమగుచున్నదని అడుగువారు నేడు కొందరైనను ఉన్నారు. ఆ సొమ్ము ఎక్కడినుండి వచ్చుచున్నది, ఎవరి కంచములోనుండి తీయబడుచున్నది అని అడుగువారు బహుస్వల్పము. జమాఖర్చుల పుస్తకమున ఖర్చు వైపు మాత్రమే చూచి జమ వైపు కన్ను మూసికొనువాడు గుమాస్తాగా నైనను పనికిరాడు. యజమానిగా నెట్లు పనికివచ్చును? ప్రజాస్వామ్యమున యజమానులము మనమే గదా.

జమ వైపు చూచి ముందుగా ప్రశ్నించినవారు శాసనసభ్యులు కారు, అర్థశాస్త్ర పండితులును కారు. మన ఉదయగిరి ప్రాంతమున కలిగిరి మండలములోని దూబగుంట అను గ్రామపు కూలిస్త్రీలు. 1991లో మన జిల్లాయందు సంపూర్ణ అక్షరాస్యతోద్యమము జరుగుచుండగా, పగలెల్ల పొలములలో పనిచేసి రాత్రివేళ పలకబలపములు చేతబట్టినవారు వారు. వారికి చెప్పబడిన పాఠములలో త్రాగుబోతు మగనివలన చెడిన సీతమ్మ కథ యొకటి. ఆ సీతమ్మ పొత్తములోనిది కాదనియు తమ వీథిలోనిదే యనియు వారు గ్రహించిరి. వర్ధినేని రోసమ్మ మొదలగువారు ముందు నిలువగా తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఆడవాండ్రు ఏకమైన నేమి జరుగునో తెలుపు ఆ వృత్తాంతము మరల పాఠమై జిల్లాయందలి ఇతర రాత్రిబడులకు చేరెను. పాఠమునుండి ఉద్యమమును, ఉద్యమమునుండి పాఠమును పుట్టుట మన దేశచరిత్రమున అరుదైన సంగతి.

ఆ స్త్రీలు పలికినదానిని కొందరు కేవలము మద్యపాన నిందగా తలంచిరి. అంతకంటె మించిన యర్థము దానియందు కలదు. ఆ దినములలో సర్కారువారే వారుణివాహిని యను పేర సారాయిని సంచులలో నింపి సరఫరా చేయుచుండిరి. త్రాగునీరు రాని ఊరికి సారాయి వచ్చుచుండెను. వైద్యుడు రాని పల్లెకు, ఉపాధ్యాయుడు నిలువని బడికి అబ్కారీ కంట్రాక్టరు జీపు మాత్రము వేళ తప్పక వచ్చుచుండెను. ఇది మా గడపకు చేర్చగలిగిన దొరతనమునకు అది చేర్చుట ఏల చేతగాలేదని వారు ప్రశ్నించిరి. ఆదాయ వ్యయ పట్టికపై అంత సూటియైన విమర్శ ఏ శాసనసభయందును వినబడియుండదు.

దొరతనమువారి యిబ్బంది కూడ అప్పటికి చిన్నది కాదు. ఆంధ్రప్రదేశమున అబ్కారీ రాబడి 1970–71లో 39 కోట్ల రూపాయలుండగా 1991–92 నాటికి 812 కోట్లకు పెరిగెను. ఇరువదియేండ్లలో ఇరువది రెట్లు! ఇంత పెరిగిన రాబడి ఏ పంట పెరుగుటవలన వచ్చినది కాదు. దినకూలిలోని భాగము ఇంటికి చేరకమునుపే దుకాణము వద్ద ఖజానాకు మళ్లినది. త్రాగువాడు చెల్లించు పన్ను గనుక ఇది స్వచ్ఛందమైనదని కొందరు వాదింతురు. వాడు చెల్లించునది దుకాణమునకు మాత్రమే. దాని మోత పడునది త్రాగని యిల్లాలిమీద, చదువు మానిన బిడ్డమీద, తాకట్టునకు పోయిన ఇత్తడి బిందెమీద. ధనికునికి తన రాబడిలో ఎన్నవ వంతో కూడ తెలియని రూపాయి, కూలివానికి సగము కూలి. ఆదాయపుపన్ను వేయునపుడు చెల్లింపగల శక్తిని విచారించు ప్రభుత్వము, మద్యపుపన్ను వేయునపుడు ఆ న్యాయమును విడిచిపెట్టుచున్నది.

దూబగుంటలో రగిలిన నిప్పు జిల్లా యంతటను ప్రాకెను. స్త్రీలు సారా బండ్లను అడ్డగించిరి. సంచులను నేలపై ఒలుకబోసిరి. దుకాణముల వేలముపాటలు సాగనీయలేదు. అధికారులు పాటలను పలుమారులు వాయిదా వేయవలసివచ్చెను. తుదకు 1993 ఏప్రిలు 15వ తేదీన నెల్లూరు జిల్లాయందును, ఆ యేటి అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడెను. 1994 డిసెంబరున నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిపదము స్వీకరించిన వేదికపైననే సంపూర్ణ మద్యనిషేధపు కాగితమున సంతకము చేసిరి. 1995 జనవరి 16వ తేదీనుండి అది అమలునకు వచ్చెను. 1997లో తరువాతి ప్రభుత్వమే దానిని సడలించెను. రెండేండ్లకు కొంచెము మించిన ఆయుర్దాయము! సడలించుటకు చెప్పబడిన కారణములలో దొంగసారాయి యొకటి, ఖజానా లోటు మరియొకటి.

ఖజానా లోటను మాట క్రొత్తది కాదు. మన పూర్వపు మద్రాసు రాజధానియందు 1937లో చక్రవర్తి రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాయందు మద్యనిషేధమును ప్రారంభించెను. మరుసటి సంవత్సరము మన పొరుగు జిల్లాలైన చిత్తూరునకును కడపకును, ఆ మీదట ఉత్తరార్కాటునకును దానిని విస్తరించెను. పోవు రాబడికి బదులేమని ప్రశ్నింపగా రాజాజీగారు మాటలతో సరిపెట్టలేదు. 1939లో సాధారణ విక్రయపు పన్ను చట్టమును తెచ్చిరి. వర్తకులు గోలపెట్టిరి, ఐనను చట్టము నిలిచెను. ఇది దాచవలసిన సంగతి కాదు, గట్టిగా చాటవలసిన సంగతి. కల్లుసారాయిల సొమ్ము వలదన్నవారు మరియొక సొమ్మును చూపవలెను. రాజాజీగారు చూపిరి.

అటుపిమ్మట జరిగినది చూడుడు. యుద్ధకాలమున నిషేధము ఎత్తివేయబడెను. విక్రయపు పన్ను మాత్రము నిలిచెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1948లో మద్రాసు రాష్ట్రమంతట నిషేధము మరల నెలకొనెను. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1న అవతరించిన వెంటనే నిషేధముపై విచారణకు రామమూర్తి సంఘము నియమింపబడెను. ఆ ప్రశ్నపైననే ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము 1954 నవంబరున ఒకేయొక ఓటుతో కూలిపోయెను. తరువాత నిషేధమును పోయెను. దానికి బదులుగా పుట్టిన విక్రయపు పన్ను వేరువేరు పేరులు మార్చుకొని నేటికిని ఉన్నది. మద్యపు రాబడియు ఉన్నది. రెంటిలో నొకటి చాలునన్న చోట ప్రజలు రెంటిని మోయుచున్నారు. రాబడికి మార్గము తెరచుట తేలిక. తెరచినదానిని మూయుట దుర్ఘటము. ఈ పాఠమును మన చరిత్రమే బోధించుచున్నది.

అమెరికా సంయుక్తరాష్ట్రముల చరిత్రమును ఇదే బోధించును. స్వాతంత్ర్యయుద్ధపు అప్పులు తీర్చుటకై అచ్చటి క్రొత్త ప్రభుత్వము 1791లో విస్కీపై పన్ను వేసెను. 1794లో పశ్చిమ పెన్సిల్వేనియా రైతులు దానిపై తిరుగబడగా, అధ్యక్షుడు వాషింగ్టను సేనలను నడిపించుకొని వెళ్లవలసివచ్చెను. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి కేంద్రప్రభుత్వపు రాబడిలో పెద్ద భాగము మద్యముపై పన్నే. ఆ సొమ్ము నిలిచియున్నంతకాలము నిషేధము కోరిన స్త్రీసంఘముల మాట చెల్లలేదు. 1913లో రాజ్యాంగమును సవరించి ఆదాయపుపన్నుకు దారి తీసిన తరువాతనే నిషేధమునకును దారి దొరకెను. 1920 జనవరినుండి నిషేధము నడచెను. 1929 తరువాతి ఆర్థిక సంక్షోభమున ఆదాయపుపన్ను రాబడి కుంగగానే మద్యపు సొమ్ముపై ప్రభుత్వమునకు మరల కన్ను పడెను. దొంగవ్యాపారుల దౌర్జన్యములును తోడై, 1933 డిసెంబరున నిషేధము రద్దయ్యెను. ఖజానా మద్యముపై ఆధారపడియున్నపుడు నిషేధము రాలేదు. ఖజానా మరియొక యాధారము చూచుకొన్నపుడు వచ్చెను. ఆ యాధారము చెడినపుడు పోయెను. సంపన్నదేశముననే ఇట్లుండగా మన సంగతి చెప్పనేల?

ఇక మన ఇటీవలి చరిత్రము. 2019లో దశలవారీ నిషేధమను వాగ్దానముతో అధికారమునకు వచ్చిన ప్రభుత్వము ఆ యేటి అక్టోబరునుండి మద్యపు దుకాణములను తానే నడుపనారంభించెను. ధరలు పెరిగెను, నిషేధము రాలేదు. 2022లో రాష్ట్ర బేవరేజెస్ కార్పొరేషను ఋణపత్రములను అమ్మి 8 వేల కోట్ల రూపాయలకు పైగా అప్పు తెచ్చెను. ఆ అప్పునకు ఆధారము రాబోవు మద్యపు రాబడి. అనగా ఇంకను పుట్టని త్రాగుడు కూడ తాకట్టు పెట్టబడినది. త్రాగుడు తగ్గించెదమని చెప్పిన చేతితోనే, త్రాగుడు తగ్గినయెడల తీరని పత్రముపై వ్రాలు చేయుట ఎట్టి నీతి? 2024లో ప్రభుత్వము మారెను. అక్టోబరున 3,396 దుకాణములను లాటరీ తీసి ప్రైవేటువారికి ఇచ్చిరి. తక్కువ వెలకు, 99 రూపాయలకు, మద్యము దొరకునట్లు చేయుట ఆ విధానములో ఒక గొప్పగా చెప్పబడినది. దుకాణముల కొరకు వచ్చిన దరఖాస్తులు 90 వేలకు చేరువ. ఒక్కొక్క దరఖాస్తునకు తిరిగి ఈయబడని రుసుము 2 లక్షల రూపాయలు. ఒక్క సీసా అమ్ముడుపోకమునుపే దరఖాస్తులపైననే 1,800 కోట్లకు చేరువ సొమ్ము! ఒక కక్షిని మెచ్చి మరియొక కక్షిని తెగడుటకు మేమీ లెక్కలు వ్రాయుట లేదు. ఇరువురును ఒకే చెరువునుండి నీరు తోడుచున్నారు. తూము పేరు మాత్రము మారుచున్నది.

దీనికి రాజ్యాంగ నిర్మాణమునందును ఒక కారణమున్నది. 2017 జూలై 1వ తేదీన దేశమంతట వస్తుసేవల పన్ను వచ్చినపుడు చాల సరకులపై స్వతంత్రముగా పన్ను వేయు అధికారమును రాష్ట్రములు వదలుకొనెను. త్రాగు మద్యము, పెట్రోలు, డీజిలు మొదలగు కొన్నిటిపై మాత్రమే ఆ యధికారము మిగిలెను. సొంత నిర్ణయముతో రాబడి పెంచుకొనదలచిన ఏ రాష్ట్రమైనను మొదట చేయి చాచునది వీనిమీదనే. అదే రాజ్యాంగము 47వ అధికరణమున, మద్యనిషేధమునకై రాజ్యము యత్నింపవలెనని ఆదేశించుచున్నది. ఒక చేత ఆదేశమును, ఒక చేత ప్రలోభమును పట్టుకొని మన రాష్ట్రములు నడచుచున్నవి. ఏ చేయి బలమైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

మాకు వచ్చు ఆక్షేపణలు రెండు. మొదటిది: మద్యపు సొమ్ము లేకున్న పింఛనులు, బడులు, వైద్యశాలలు, బాటలు ఎట్లు నడచునని. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. 1995 తరువాత ఏమి జరిగెనో జ్ఞాపకము చేసికొందము. కిలో 2 రూపాయల బియ్యము 1996లో మూడున్నర రూపాయలయ్యెను. విద్యుచ్ఛక్తి వెలయు పెరిగెను. నిషేధమును జయజయధ్వానములతో స్వాగతించిన పట్టణవాసులే ఈ పెంపుదలలను చూచి గొణిగిరి. నిషేధము సడలినపుడు వారిలో పెక్కురు మౌనము వహించిరి. స్త్రీలు తమ వంతు చేసిరి. చదువుకొన్న మనము మన వంతు చేయలేదు. పుణ్యము కావలెను, దాని వెల మాత్రము ఒరులు చెల్లింపవలెనన్న పుణ్యము నిలుచునా?

రెండవది: నిషేధించిన దొంగసారాయి పుట్టునని. పుట్టినది నిజమే. అమెరికాయందును పుట్టినది, మన రాష్ట్రమునందును పుట్టినది. చట్టము ఒక్కటియే త్రాగుడును మాన్పజాలదని మేమును ఒప్పుదుము. అయితే చట్టము దేనిని చేయగలదో అదియైనను చేయవలెను గదా. గ్రామస్త్రీలు కాపలా నిలిచినంతకాలము మన జిల్లాలో పెక్కు పల్లెలందు సారాయి అడుగు పెట్టలేదు. ఆ కాపలాను ప్రభుత్వపు పోలీసులు బలపరచిన చోట పని జరిగెను. లంచము మరిగి కన్ను మూసిన చోట చెడెను. దొంగసారాయి వాదము నిషేధమునకు విరుద్ధమైన వాదము కంటె, చెడిన కాపలాకు విరుద్ధమైన వాదము.

కావున ప్రభుత్వమును మేము కోరునది ఒక్క సంతకముతో తెల్లవారులోపల జరుగు అద్భుతము కాదు. అట్టి సంతకములు ఎన్నాళ్లు నిలుచునో చూచితిమి. మేము కోరునవి మూడు. ఒకటి, మద్యపు రాబడిపై ఆధారపడు వంతును ఏటేట ఇంతయని తగ్గించు పట్టికను శాసనసభ ముందుంచి, తగ్గిన మేరకు బదులు రాబడి ఎక్కడిదో అదే పట్టికలో చూపవలెను. రెండు, రాబోవు మద్యపు రాబడిని ఆధారముగా చూపి అప్పు తెచ్చుట ఏ ప్రభుత్వమును చేయకుండునట్లు చట్టము చేయవలెను. మూడు, ఒక్కొక్క మండలమున మద్యమువలన ఎంత సొమ్ము వసూలైనదో, ఆ మండలపు త్రాగునీటికిని వైద్యమునకును బడులకును ఎంత వ్యయమైనదో ఒకే కాగితముపై అచ్చువేసి ప్రతి పంచాయతీ కార్యాలయపు గోడకు అంటింపవలెను. ఈ మూడవదానికి కాగితము, జిగురు తప్ప వేరు ఖర్చు లేదు. దూబగుంట స్త్రీల ప్రశ్నకు ప్రభుత్వము బాకీపడిన సమాధానము ఆ కాగితమే.

ప్రభుత్వమును కోరినవారు తమ్ము తాము కూడ కోరుకొనవలెను. మన పట్టణములందును పల్లెలందును ఇంటిపన్ను ఎట్లు చెల్లుచున్నదో పాఠకులు ఎరుగుదురు. మేడలు లేచిన చోట పాత పెంకుటింటి పన్నే చెల్లుట, పెద్దల బాకీలు ఏండ్లతరబడి పేరుకొనుట, పేదవాని నూరు రూపాయలకు మాత్రము బంట్రోతు వచ్చుట కొత్త సంగతులు కావు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయపు పన్ను చేరియున్నదని ఎందరికి తెలియును? 1960 నాటి గ్రంథాలయముల చట్టము దానిని ఏర్పరచినది. మీరు కూర్చుండి పత్రికలు చదువు పఠనమందిరపు బల్లయు దీపమును ఆ పైసలవలననే నిలువవలసినవి. ఇంటిపన్ను చెల్లింపనివాడు ఆ దీపములోని నూనెను తీసినవాడు. వసూలుచేసిన పైసలను గ్రంథాలయ సంస్థకు చేర్చక ఇతర ఖర్చులలో కలుపుకొను స్థానికసంస్థయు అట్టిదే. ఇద్దరిని అడుగవలసిన బాధ్యత చదువరులదే. ఊరు తన రాబడిని తాను కూర్చుకొన్నకొలది సర్కారు సొమ్మునకు చేయి చాచుట తగ్గును. చేయి చాచుట తగ్గినకొలది ఆ సొమ్ము ఎట్టిదని నిర్భయముగా అడుగు నోరు వచ్చును.

అడుగుటకు స్థలము లేదనరాదు. గ్రామసభ యున్నది. 73వ రాజ్యాంగ సవరణమువలనను, 1994 నాటి పంచాయతీరాజ్ చట్టమువలనను దానికి హక్కు కలిగినది. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రమున 13,326 పంచాయతీలలో ఒకే దినమున గ్రామసభలు జరిపిరి. ఒకే దినము ఇన్ని జరుపుట ఘనతయే. అయితే ఏటేట ఎన్ని సభలలో జమాఖర్చులు చదివిరి, ఎందరు లేచి ప్రశ్నించిరి అనునదియే కొలత. అమెరికాయందు వెర్మాంటు మొదలగు ఈశాన్య రాష్ట్రముల చిన్న ఊళ్లలో నేటికిని ఏటికొకసారి పౌరులందరు ఒకచోట కూడి ఊరి ఖర్చుపట్టికను పద్దు పద్దుగా విచారించి, చేతులెత్తి సమ్మతింతురు. బాటకు ఇంత, బడికి ఇంత అని ఒప్పుకొన్నవారే దానికి తగిన పన్నును ఒప్పుకొందురు. ఖర్చును కోరు నోరును, పన్నును చెల్లించు చేయియు ఒకే మనుష్యునివని ఆ సభ నేర్పును. అట్టి సభలు మనకు చట్టమున ఉన్నవి, అలవాటున లేవు. సమాచారము కోరు హక్కును 2005 నాటి చట్టము ఇచ్చినది. దాని నుపయోగించు ఓపికయే మనకు కావలెను.

మన ప్రాంతమునకు ఈ యలవాటు పరాయిదియు కాదు. మెట్టసీమయైన ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలు చెరువుల మీద బ్రతికిన సీమలు. చెరువుకట్ట తెగిన, కాల్వ పూడిన, ఆయకట్టు రైతులు ఇంటికొక మనిషి చొప్పున పారబట్టి వచ్చు ఆచారము కుడిమరామతు అను పేర ఈ రాజధానియందంతటను ఉండెను. అది పన్ను కాదు. కాని పన్నునకు తల్లి. ఎవని పొలమునకు నీరు పారునో వాడు కట్టను కాపాడవలెను. కాపాడినవానికి నీరెంత పారినదో అడుగు హక్కు కలదు. సంగము వద్ద పెన్నపై 1880ల దశకమున కట్టిన ఆనకట్ట శిథిలము కాగా, దానికి బదులు క్రొత్త బ్యారేజి 2022 సెప్టెంబరు 6న ప్రారంభమయ్యెను. 3 లక్షల 85 వేల ఎకరముల సాగునకు అది ఆధారమని ప్రభుత్వపు లెక్క. దాని శంకుస్థాపన 2006లో జరిగినది! పదునారు సంవత్సరములు, పెక్కు ప్రభుత్వములు! పన్నుల సొమ్ము ఎంత మేలు చేయగలదో, అడుగువారు లేనిచో ఎంత యాలస్యము కాగలదో తెలిసికొనుటకు ఆ బ్యారేజిపై ఒకమారు నడచి చూచిన చాలును.

దూబగుంట స్త్రీలు చేసినదానిని మనము ఏటేట కొనియాడుచున్నాము. కొనియాడుటకు ఖర్చు లేదు. వారు అప్పుడప్పుడే అక్షరములు దిద్దుకొనుచు రాజ్యపు జమాఖర్చులను చదువగలిగిరి. మనము బడులలోను కళాశాలలలోను ఏండ్లు గడపి, పత్రికలు చదివి, వాదములు చేసియు, ఇంటిపన్ను రసీదునైనను తిరగవేసి చూడము. పన్ను చెల్లింపుడు, చెల్లించి రసీదు అడుగుడు, రసీదుతో గ్రామసభకు పొండు, అచ్చట జమ వైపు పద్దులను చదివింపుడు. సారా సొమ్ము ఎంతయని అడుగుడు. దానికి బదులుగా మేమింత చెల్లింతుమని చెప్పుటకును సిద్ధపడుడు. ఆ మాట చెప్పగల ఊరికి దుకాణము వలదను అధికారము తనంత తానే వచ్చును. ఆ మాట చెప్పలేని ఊరు ఏ ప్రభుత్వమును నిందించినను, రాత్రి దుకాణము మూసిన పిమ్మట ఖజానా తలుపు తెరచియే యుండును; ఆ తలుపులోనికి పోవునది మన పొరుగింటి కూలివాని బిడ్డల అన్నము.